పన్నెండు గిన్నెల ఇనుము

కొత్తిమీర రెబ్బను కూడా త్రాసులో వేసి తూచే మనిషిని జనగామ చుట్టుపక్కల ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. ఊరు దాటాక రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పోషణ పరిశోధన కేంద్రంలో డాక్టర్ ఇందుమతి ఆ పని రోజుకు పన్నెండుసార్లు చేసేది. పన్నెండు మంది మనుషులు, పన్నెండు చిన్న స్టీలు గిన్నెలు, గిన్నెకు మూడు గ్రాముల కొత్తిమీర. నాలుగో గ్రాము పడితే వంటావిడ చేతిలోంచి గరిటె లాక్కున్నంత పని చేసేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఏభై రెండేళ్ళు వచ్చినా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది.

ఇంతకూ ఆవిడ తేల్చాలనుకున్నది చూడడానికి చాలా చిన్న సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజూ తినే తిండిలో ఎంత ఇనుము ఉండాలి? మన ఒళ్ళు ఇనుము విషయంలో పరమ పిసినారి. ఒకసారి చేతికి చిక్కిన ఇనుమును పాత రక్తంలోంచి తీసి కొత్త రక్తంలో పెట్టుకుంటుందే తప్ప పారేయదు. చర్మం పొట్టుగా రాలడంలోనో, ఆడవాళ్ళకు నెలనెలా పోయే రక్తంలోనో కాస్త పోతుంది. ఆ పోయినదాన్ని తిండి పూడ్చాలి. అయితే తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. వందలో పదో పన్నెండో పాళ్ళు ఇంకి, మిగిలింది వచ్చిన దారినే పోతుంది. ఎంత పోతోంది, ఎంత ఇంకుతోంది అన్న ఈ రెండూ కచ్చితంగా తెలిస్తే అంకె తేలిపోతుంది. అవే ఎవరికీ కచ్చితంగా తెలియవు.

ఇందుమతి పదకొండేళ్ళు కష్టపడి ఇనుముకు గురుతు పెట్టడం నేర్చుకుంది. ఇనుప అణువులో ఒక సన్నని కంపనం పుట్టించి, అది రెండేళ్ళదాకా ఆరకుండా నిలబెట్టడం ఆమె కనిపెట్టిన పద్ధతి. దానివల్ల ఒంటికి ఏ హానీ లేదు. అలాంటి కంపనాలు పన్నెండు రకాలు తయారుచేసి, ఒక్కో మనిషికి ఒక్కో రకం కేటాయించింది. పొద్దున్నే వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తలుపు చట్రంలాంటి యంత్రం కింద నిలబడేవారు. యంత్రం సన్నగా మూలిగేది. కడుపులో ఉన్నది కాక, రక్తంలోకి ఇంకిన ఇనుము మాత్రమే దానికి బదులు చెప్పేది. ఎవరి గురుతు ఎంత ఉందో తెర మీద రంగు గీతగా కనిపించేది. సూది లేదు, నొప్పి లేదు. ఆ యంత్రాన్ని అందరూ గడప అనేవారు.

రంగులు పంచుకోవడంలో పెద్ద గొడవే జరిగింది. మిరపపండు ఎరుపు కోసం ఇద్దరు పోటీపడ్డారు. నెమలికంఠం రంగును ఆటో నడిపే బాల్నర్సయ్య ఎగరేసుకుపోయాడు. పసుపు కొమురవ్వకు, చిలకపచ్చ స్వరూపకు దక్కాయి. నలభై రోజులు కేంద్రంలోనే ఉండాలి, పెట్టిందే తినాలి, బయట చాయ్ కూడా తాగకూడదు. దీనికి బాల్నర్సయ్య ఇనుము దీక్ష అని పేరు పెట్టి, వచ్చిన మొదటి రోజు నుంచే గడ్డం గీయడం మానేశాడు.

దీక్షలో ఒక నియమం మాత్రం ఎవరికీ మింగుడు పడలేదు. ఎవరి కూర వాళ్ళ రంగు చీటీ ఉన్న గిన్నెలో విడిగా వండేవారు. గురుతు ఇనుము చుక్కలు వేసేది అందులోనే. కూర కంచంలోకి వంచుకున్నాక గిన్నెకు కాస్త అంటుకుని ఉంటుంది కదా, ఆ అంటుకున్నదానిలోనే పదోవంతు ఇనుము ఉండిపోతుంది. అందుకని గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, తిప్పి, ఆ నీళ్ళు తాగాలి. లోకంలో ఎక్కడైనా ఇలాంటి ప్రయోగాల్లో చేసేది అదే. ఇందుమతి దాన్ని మూడుసార్లు వివరించింది. పన్నెండు మందీ తలలూపారు. మూడు రోజులు ముఖాలు చిట్లించుకుని తాగారు కూడా. నాలుగో రోజు నుంచి ఎవరూ గొణగలేదు. అలవాటైందనుకుని ఆమె సంతోషించింది. నర్సు సువార్త రోజూ గిన్నెలు చూసి, శుభ్రం అని రాసి, సంతకం పెట్టేది. నిజంగానే అవి అద్దాల్లా ఉండేవి.

ఈ అంకె మీద ఇందుమతికి ఉన్న పట్టుదల వెనక ఒక పాత ముల్లు ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం, ఆమె చిన్న ఉద్యోగిగా ఉన్నప్పుడు, దేశమంతా వాడుతున్న అంకెను తేల్చిన బృందంలో ఆమె కూడా ఉంది. అప్పటి పరీక్షల్లో అయిదుగురు ఆడవాళ్ళకు మిగతావాళ్ళకంటే రెండు రెట్లకు పైగా ఇనుము ఇంకినట్టు వచ్చింది. సగటుకు రెండు రెట్లు దాటితే కొలతలో పొరపాటని తీసేయాలి, అది రూలు. ఆ అయిదు పేర్లనూ ఎర్ర సిరాతో కొట్టేసింది ఇందుమతే. కొట్టేస్తున్నప్పుడు మనసు పీకింది, అయినా నోరు విప్పలేదు. ఆ అంకె మీదే బడి భోజనాలూ, రేషను బియ్యంలో కలిపే పోషకాలూ అన్నీ లెక్కకట్టారు. ప్రమాణాల సంఘం మళ్ళీ హైదరాబాదులో కూర్చోబోయేది ఈ ప్రయోగం ముగిసిన అయిదో రోజున. అక్కడ ఆమె లెక్క నిలిస్తే పాత అంకె పోతుంది. నిలవకపోతే ఇంకో ఇరవై ఏళ్ళు అదే ఉంటుంది, అప్పటికి ఆమె ఉద్యోగంలో ఉండదు.

పదహారో రోజు, శుక్రవారం పొద్దున, స్వరూప గడప కింద నిలబడింది. తెర మీద చిలకపచ్చ గీత లేచింది. దాని పక్కనే పసుపు గీత ఒకటి, సన్నగా, కానీ స్పష్టంగా కనిపించింది. ఆ తరవాత ఎరుపు, నెమలికంఠం, వంకాయ రంగు, ఒకదాని వెంట ఒకటి మొత్తం పన్నెండూ లేచాయి. అంతకుముందు లెక్కకు అందనంత తక్కువగా ఉన్నవి ఇప్పుడు పేరుకుని బయటపడ్డాయన్నమాట. యంత్రం దగ్గర కూర్చున్న టెక్నీషియన్ జలీల్ తెరను చేత్తో తుడిచాడు, అది తుడిస్తే పోయేది కాదని తెలిసి కూడా. తరవాత వచ్చిన వాళ్ళందరిలోనూ అదే తంతు. కొమురవ్వలో పచ్చ ఉంది, బాల్నర్సయ్యలో పసుపు ఉంది. ఒకరి ఇనుము ఇంకొకరి రక్తంలో తిరుగుతోంది.

ఇందుమతి చూపు జలీల్ మీదికి మళ్ళింది. పన్నెండు సీసాల్లోంచి పన్నెండు గిన్నెల్లోకి చుక్కలు వేసేది జలీల్ ఒక్కడే. ఒక సీసా డ్రాపరు ఇంకో సీసాలో ముంచితే ఇలాగే అవుతుంది. పైగా పోయిన వారమే అతని తమ్ముడి పెళ్ళి, రెండు రోజులు నిద్ర కళ్ళతో వచ్చాడు. ఆమె ఆ సంగతే అంది. తొమ్మిదేళ్ళు తన పక్కన పనిచేసిన మనిషిని, నలుగురి ముందు, పెళ్ళి బిర్యానీ మత్తు దిగలేదా అని అడిగింది. ఆ మాట నోటినుంచి జారాక వెనక్కి తీసుకోవాలనిపించింది, కానీ కోపం ఇంకా దిగలేదు.

జలీల్ చేతి తొడుగులు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. “మేడం, నాతోని తప్పు కాదని నేను అంటలేను. మనిషన్నాక అయితది. గని యాడ అయిందో చూడకుండ నాదే అని మాత్రం అనకుర్రి” అన్నాడు. తాళాలు సువార్త చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాడు. అతని స్కూటరు గేటు దాటేదాకా ఇందుమతి కిటికీ దగ్గరే నిలబడింది, పిలవలేదు.

ఆ రెండు రోజులూ ఆమె సీసాలన్నీ పరీక్షించింది. ఏ సీసాలోనూ ఇంకో సీసా గురుతు లేదు. డ్రాపర్లు శుభ్రం. పొయ్యిలు, మూతలు, గరిటెలు, అన్నీ శుభ్రం. తప్పు జలీల్‌ది కాదని తేలుతున్నకొద్దీ ఆమెకు ఊరటకు బదులు భయం ఎక్కువైంది. కారణం తెలియని తప్పును లెక్కలోంచి తీసెయ్యడం ఎవరివల్లా కాదు.

ఆదివారం మధ్యాహ్నం భర్త రాజేందర్ బలవంతాన ఇంటికి పిలిపించాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఆదివారం వంట ఆయనదే. ఊళ్ళో అందరి తిండికీ లెక్క కట్టే ఆవిడ మూడు రోజులుగా సరిగ్గా తినకపోవడం చూసి, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందని ఏడిపించాడు. గుత్తివంకాయ కూర చేశాడు. ఇందుమతి కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. తినడం అయ్యాక ఆయన తన అలవాటు ప్రకారం కూర గిన్నెలోనే కాస్త వేడి అన్నం వేసి, అడుగున పట్టిన నూనె, మసాలా అంతా అన్నంతో తుడిచి, కలిపి, ఒక ముద్ద చేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న సంగతే అది. కూరకంటే ఆ ముద్దే రుచి అని వాళ్ళిద్దరూ ఒప్పుకున్న కొద్ది విషయాల్లో అదొకటి.

ఇందుమతి ముద్దను చూసింది. తరవాత ఆయన చేతిలోని గిన్నెను చూసింది. అందులో ముఖం కనపడుతోంది.

చేతిలో అన్నంతోనే లేచి చెప్పులేసుకుంటుంటే, ముద్ద తిని వెళ్ళమని రాజేందర్ వెనకనుంచి కేకేశాడు. ఆమె కారు నడుపుతూ ఒంటి చేత్తో తింది.

కేంద్రంలో భోజనాలు అప్పుడే అయ్యాయి. సువార్త హాల్లో రిజిస్టరు నింపుకుంటోంది. వెనక వరండాలో, కడిగే చోట, పన్నెండు మందీ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నడుమ ఒక బేసిన్, దాని చుట్టూ పన్నెండు గిన్నెలు. కొమురవ్వ ఒక్కో గిన్నెలో గుప్పెడు అన్నం వేసి, చుట్టూ తుడిచి, బేసినులోకి వంచుతోంది. అంతా కలిపి ముద్దలు చేస్తోంది. చేతులు చాపినవాళ్ళలో బాల్నర్సయ్య చెయ్యి అందరికంటే ముందుంది.

ఇందుమతిని చూసి అందరూ నీలుక్కుపోయారు, కొమురవ్వ తప్ప. ఆమె చేతిలో ఉన్న ముద్దను స్వరూపకు పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, నిటారుగా ఉంటుంది, బడిలో మధ్యాహ్న భోజనం వండే పని.

“గిన్నె కడిగిన నీళ్ళు కుడితిల పోస్తం గని మనుషులు తాగుతరా డాక్టరమ్మా? మీరేమన్నరు, కూర రవ్వంత గూడ పారేయొద్దన్నరు. నేను పారేయలే. అన్నంతోని తుడిచి పెట్టిన. గిన్నెలు జూడుర్రి, నీళ్ళతోని ఇంత నున్నగ అయితయా?”

ఇందుమతి తిట్టడానికే నోరు తెరిచింది. కానీ ఏమని తిట్టాలి? నియమం వెనక ఉన్న ఉద్దేశాన్ని కొమురవ్వ అక్షరాలా పాటించింది. ఎవరి గిన్నె వాళ్ళే తుడుచుకోవాలన్న మాట మాత్రం ఇందుమతి ఎన్నడూ చెప్పలేదు, ఎందుకంటే చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు తోచలేదు. ముప్పై ఏళ్ళుగా గుత్తివంకాయ ముద్ద తింటున్న మనిషికి తోచలేదు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మెట్టు మీద చతికిలపడి, జలీల్‌ను ఏమన్నదో, ఎందుకన్నదో అంతా చెప్పింది.

అప్పుడు కొమురవ్వ ముఖం మాడిపోయింది. చేసిన పనికి ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు గానీ, దాని శిక్ష ఇంకొకరి మీద పడిందనేసరికి తట్టుకోలేకపోయింది. తనను కూడా జలీల్ ఇంటికి తీసుకుపోవాలని పట్టుబట్టి, కారులో ముందు సీట్లో కూర్చుంది.

జలీల్ ఇంటి ముందు కూలరుకు కొత్త గడ్డి బిగిస్తున్నాడు. ఇందుమతి గుమ్మంలోనే నిలబడి, తప్పు తనదని, చూడకుండా అన్నానని, అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే ఒప్పుకుంటానని చెప్పింది. జలీల్ గడ్డి బిగించడం ఆపలేదు. కొమురవ్వ తన వంతు చెప్పింది. ముద్దల సంగతి వింటుంటే అతని చేతులు నెమ్మదించాయి. అతని భార్య ముగ్గురికీ చాయ్ తెచ్చింది. కొమురవ్వ కప్పు అందుకోబోతుంటే ఇందుమతి అలవాటుకొద్దీ ఆమె చెయ్యి పట్టుకుని, దీక్షలో ఉన్నావు, చాయ్ తాగితే ఇనుము ఇంకదు అంది. ఊళ్ళో సగం మంది ఇనుము సగం మందిలో తిరుగుతుంటే ఒక చాయ్ దగ్గర లెక్క చూస్తున్న మేడంను చూసి జలీల్ నవ్వాడు. ఆ నవ్వుతో ఇందుమతి గుండె మీద బరువు సగం దిగింది.

అతను నవ్వు ఆపి అడిగిన ప్రశ్నే మొత్తం కథను తిప్పింది. స్వరూపకు తన చిలకపచ్చ ఇనుము మిగతావాళ్ళకంటే రెండు రెట్లు ఎక్కువ ఇంకుతోందని పదో రోజునే గడప చెప్పింది. రూలు ప్రకారం కొలతలో పొరపాటని దాన్ని పక్కన పెట్టారు. మరి ముద్దల ద్వారా వచ్చిన ఆ మిగతా పదకొండు రంగులూ ఆమెలో ఎంత ఇంకాయి? అవి కూడా ఎక్కువగానే ఇంకి ఉంటే?

“ఒక్క సాక్షి అబద్ధం చెప్తడేమో మేడం. పదకొండు మంది కలిసి ఒకటే అబద్ధం చెప్పరు గద” అన్నాడు.

ఇందుమతి చాయ్ కప్పు కింద పెట్టేసింది. ఒకే బేసిన్‌లో కలిపిన అన్నం కాబట్టి ముద్దలన్నిటిలోనూ పన్నెండు గురుతులూ ఒకే పాళ్ళలో ఉంటాయి. ముద్ద బరువు తెలిస్తే ఎవరు ఎవరి ఇనుము ఎంత తిన్నారో తెలుస్తుంది. ఇక కావలసింది కొమురవ్వ చెయ్యి ఎంత నిలకడైనదో తెలియడమే. పద్దెనిమిదేళ్ళు రోజుకు నూట ఇరవై మంది పిల్లలకు పెట్టిన చెయ్యి అది, ఒకరికి చిన్న ముద్ద పడితే బడంతా లేచిపోయేదట. మరునాటి నుంచి ముద్దలు మాన్పించలేదు. బేసిన్ పక్కన త్రాసు పెట్టారు. కొమురవ్వ మొదట అవమానంగా భావించింది, తరవాత పంతం పట్టింది. ముద్ద ముప్పై ఎనిమిది గ్రాములు. ఎప్పుడైనా ముప్పై ఏడు, ఎప్పుడైనా ముప్పై తొమ్మిది. ఇరవై రెండు రోజుల్లో అటూ ఇటూ రెండు గ్రాములు దాటింది ఒక్కసారే, అది కూడా బాల్నర్సయ్య నవ్వించినందుకు.

రోజుకు ముద్దలు పన్నెండు కాదు, పదమూడు అని అప్పుడే తెలిసింది. స్వరూపకు రెండు పెట్టేది.

“పంక్తిల ఒకలకు ఎక్కువ ఒకలకు తక్కువ పెట్టొద్దంటరు, నాకు ఎర్కనే” అంది కొమురవ్వ. “గని ఆ పిల్ల మొఖం సక్కగ చూసిన్రా ఎన్నడన్న? పొద్దుగాల్నే అలిసిపోయి పీక్కపోయి ఉంటది. నాకు మిషిన్లు తెల్వయి, పిల్లల మొఖాలు తెలుస్తయి.”

రెండు ముద్దలకు రెండింతలు ఇంకితే వింత లేదు. అందుకని లెక్కను సగం చేసి చూశారు. సగం చేశాక కూడా స్వరూపలో పదకొండు రంగులూ మిగతావాళ్ళకు రెండున్నర రెట్లున్నాయి. పదకొండూ ఒకే మాట చెబుతున్నాయి. పన్నెండు మందిలో ఉన్న ఆరుగురు ఆడవాళ్ళలో మరో ముగ్గురికి కూడా దాదాపు అంతే. ఎనిమిది మందిని వదిలి ఈ నలుగురి దగ్గరే యంత్రం తప్పు చేసిందనడానికి ఇక వీల్లేదు. ఇందుమతి నలుగురి రక్తమూ తీయించి, ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంత ఉందో చూసింది. రక్తంలో ఎరుపు సరిపడా ఉంది. దాన్ని చూసే వాళ్ళను ఆరోగ్యవంతులని ఎంచుకున్నారు. గాదె మాత్రం అడుగంటా ఊడ్చేసి ఉంది. ఉన్నదంతా రక్తానికే పెట్టి, వెనక పిడికెడు కూడా మిగలక, తిన్న ప్రతి ముద్దలోంచీ ఒళ్ళు ఇనుమును పిండుకుంటోంది. రెండు రెట్లు ఇంకడం కొలతలో తప్పు కాదు, ఒళ్ళు ఆకలితో ఉందని చెప్పే కబురు. ఎర్ర సిరాతో కొట్టేసిన అయిదు పేర్లు గుర్తొచ్చి ఆమె ఆ పూట గది తలుపేసుకుని ఏడ్చింది.

స్వరూపను పిలిచి మెల్లగా చెప్పింది. స్వరూపకు ఇరవై నాలుగేళ్ళు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తోంది. ఎనిమిది వందల మీటర్లలో ఆఖరి చుట్టు దగ్గర కాళ్ళు ఇటుకలైపోతాయి, గుండె దడదడలాడుతుంది. రెండుసార్లు అక్కడే పోయింది. సైకిల్ షాపు మూసుకుని మరీ గ్రౌండుకు వచ్చి గడియారం పట్టుకునే వాళ్ళ నాన్న, అదంతా బద్ధకమని, తిని పడుకోవడం తప్ప చేతకాదని తిట్టేవాడు. డాక్టరు దగ్గరికి పోతే రక్తం బాగానే ఉందన్నాడు. దాంతో ఆమె కూడా తనది బద్ధకమనే నమ్మేసింది. ఈ ప్రయోగంలో చేరింది కూడా ఆరోగ్యవంతురాలని ఎవరైనా కాగితం మీద రాస్తే నాన్న ముందు పెట్టి, ఈసారి సాకు లేకుండా పరిగెత్తాలని.

అంతా విని ఆ అమ్మాయి చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.

“అయితే నాది బద్ధకం కాదా మేడం?”

“కాదమ్మా. ఖాళీ ట్యాంకుతో బండి నడిపినవు. అంతదూరం ఎట్ల నడిపినవో నాకు అర్థమైతలేదు” అంది ఇందుమతి. అప్పటికప్పుడు మందు రాసిచ్చింది, రోజూ వేసుకోవాల్సిన వేళ కూడా తనే చెప్పింది. ప్రయోగం అప్పటికి ముగిసింది కాబట్టి ఏ నియమమూ అడ్డు రాలేదు, వచ్చినా ఆమె ఆగేది కాదు.

నివేదిక రాసేటప్పుడు ఆమెకు ఒక ఆశ పుట్టింది. మొదటినుంచీ ముద్దల పద్ధతే అనుకున్నామని రాస్తే? అందరికీ ఒకే అన్నం, పన్నెండు సాక్ష్యాలు, ఎంతో తెలివైన ఏర్పాటులా ఉంటుంది. సంఘంలో ఒక్కరూ వేలెత్తి చూపలేరు. నియమం తప్పిందని రాస్తే మాత్రం మొత్తం చెత్తబుట్టలో వేసే హక్కు వాళ్ళకుంది. ఒక పూటంతా అటూ ఇటూ కొట్టుకుంది. ఇరవై ఏళ్ళ కిందట నోరు మూసుకుని గెలిచిన గెలుపు ఎలాంటిదో తెలిసిన మనిషి కనక, చివరికి ఉన్నదున్నట్టు రాసింది. కుడితి నీళ్ళ మాటతో సహా రాసింది. జలీల్ మీద వేసిన నింద కూడా రాసి, పదకొండు సాక్షుల ఆలోచన అతనిదని అతని పేరు తన పేరు పక్కన పెట్టింది.

హైదరాబాదులో సంఘం తొమ్మిది మందితో కూర్చుంది. అధ్యక్షుడు చక్రపాణి గారు నివేదికను మూడో పేజీ దగ్గరే మూసి, నియమం తప్పిన ప్రయోగాన్ని ఒప్పుకోవడం ఎలాగని అడిగారు. పన్నెండు మందేనా అన్నారు ఇంకొకరు. ఇందుమతి గొంతు ఆ రోజు పెద్దగా లేవలేదు. తూచకుండా ముద్దలు పెట్టింది పదిహేను రోజులని, ఆ తరవాత ఇరవై రెండు రోజులూ తూచి పెట్టినవేనని, ఆ రెండు భాగాలనూ విడివిడిగా చూడమని అడిగింది. వెంట వచ్చిన జలీల్ కాగితం తీసి రెండు వందల ఎనభై ఆరు ముద్దల బరువులు వాళ్ళ ముందు పరిచాడు. గణాంకాలు చూసే ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ఆ వరసలన్నీ వేలు పెట్టి చదివింది. తమ ల్యాబులో లక్షలు పోసి కొన్న యంత్రం కూడా ఇంత నిలకడగా పోయదని, ఈ కొమురవ్వ ఎవరో తనకు చూడాలని ఉందని అంది. తరవాత ఆమే, పాత ప్రయోగంలో తీసేసిన అయిదుగురి కాగితాలు ఎక్కడున్నాయని అడిగింది. ఇందుమతి సంచిలోంచి అవి తీసి ఇచ్చింది. కొట్టేసిన సిరా తనదేనని చెప్పింది.

వాదన మూడు గంటలు సాగింది. ఆడవాళ్ళ విషయంలో పాత అంకెను ఆ రోజుతో రద్దు చేశారు. కొత్త అంకె మాత్రం వేయలేదు. ముందు ఆరోగ్యవంతులంటే ఎవరో తేల్చాలి, రక్తం ఎరుపు ఒక్కటి చూస్తే చాలదు, వెనక దాపు ఎంతుందో కూడా చూడాలి అని తీర్మానం రాశారు. పన్నెండు వందల మందితో మళ్ళీ కొలవాలని, బేసిన్, త్రాసు ఉండాలని కూడా రాశారు. కొత్త నిర్వచనం ప్రకారం ఇందుమతి ఎంచుకున్న ఆరుగురు ఆడవాళ్ళలో ఆరోగ్యవంతులు ఇద్దరే మిగిలారు. ఇరవై ఏళ్ళుగా అంకె ఉన్న గడిలో ఇప్పుడు ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూస్తే ఆమెకు హాయిగా అనిపించింది.

బయటికి వస్తూ మెట్ల మీదినుంచే స్వరూపకు ఫోన్ చేసింది. గ్రౌండులో ఉన్నట్టుంది, వెనక ఎవరో ఈల వేస్తున్నారు.

“స్వరూపా, నువ్వు ఆరోగ్యవంతురాలివి కాదని ఈరోజు పెద్ద పెద్దోళ్ళంతా ఒప్పుకున్నరు” అని చెప్పింది. “కాగితం మీద రాసిన్రు. నీలాంటోళ్ళందరికీ ఇగ పరీక్ష చేసి చూడాలె, మందియ్యాలె. మూడు నెలలు ఓపిక పట్టు, తరవాత ఉరుకు.”

అవతల ఫోను చెవి నుంచి దూరం జరిగిన చప్పుడు. స్వరూప కేకేస్తోంది, ఇందుమతికి కాదు, గ్రౌండు అవతల గడియారం పట్టుకుని నిలబడ్డ మనిషికి.

“నాయినా! నాది బద్ధకం కాదంట!”